గుంపు తరిమి పొడిచిన కొత్త పెట్టను కోలుకునేలా చేసి, మళ్లీ గుంపులో కలపడం ఎలా?

వారపు సంతలోనో, తెలిసినవారి ఇంటనో ఒక పెట్టను కొని తెచ్చి, ఆ సాయంత్రమే పాత కోళ్లతో కలిపి గూట్లో మూసివేస్తే, తెల్లవారేసరికి అది తల వెనుక రక్తంతో మూలకు ఒదిగి కనిపించడం తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో దొడ్డి కోళ్లు, మిద్దె కోళ్లు పెంచేవారు తరచుగా చెప్పే ఇబ్బంది. ఈ పెట్టను ఇప్పుడేం చేయాలి, మళ్లీ ఎప్పుడు కలపాలి అన్నదే ఆ తరువాత వారు అడిగే ప్రశ్న.

ఈ రెండూ వేరువేరు పనులు. చిన్న గాయాలు ఒకటి నుంచి మూడు వారాల్లో మానిపోతాయి. కానీ గాయం మానిన పెట్టను అదే గూట్లోకి, అవే కోళ్ల మధ్యకు, అదే పద్ధతిలో వదిలితే మళ్లీ అదే జరుగుతుంది. అందుచేత ఇక్కడ చెప్పేదానిలో సగం పెట్ట గురించి, సగం గూడు గురించి, పాత కోళ్ల గురించి ఉంటుంది. ఓపిక ఎక్కువగా కావలసింది రెండో సగానికే.

## 1. మామూలు పొడుపా, హింసా? ముందు తేల్చుకోండి

కోళ్ల గుంపులో ఎవరు ముందు తినాలి, ఎవరు ఎక్కడ కూర్చోవాలి అన్న వరుస ఒకటి ఉంటుంది. కొత్త కోడి రాగానే ఆ వరుస కదులుతుంది కాబట్టి కొంత తరమడం, తలమీద రెండు మూడు పొడుపులు పొడవడం తప్పవు. ఓడిన కోడి తల వంచి పక్కకు తప్పుకోగానే గెలిచినది వదిలేస్తే, అది మామూలు తగవు. అందులో మనం కలుగజేసుకోకపోవడమే మంచిది.

ఈ కింది వాటిలో ఒక్కటి కనిపించినా పెట్టను వెంటనే వేరు చేయాలి.

☐ ఎక్కడైనా రక్తం కనిపించడం, చర్మం చిరగడం
☐ తప్పుకుని పారిపోయినా వెంటాడి పొడవడం
☐ రెండు మూడు కోళ్లు కలిసి ఒక్కదానిమీద పడడం
☐ మేత దగ్గరికి, నీటి దగ్గరికి రానివ్వకపోవడం
☐ పెట్ట తలను మూలలోకి దూర్చి కదలకుండా నిలబడడం, లేదా పగలంతా కర్రమీదనుంచి దిగకపోవడం
☐ సాయంత్రం మెడ కింది మేత సంచి ఖాళీగా ఉండడం

చివరి గుర్తును చాలామంది చూడరు. గాయమేమీ లేదు కాబట్టి అంతా సర్దుకుందనుకుంటారు. పెట్ట మాత్రం నీరు తాగకుండా చిక్కిపోతుంది. మన ప్రాంతంలో ఏప్రిల్, మే నెలల ఎండకు ఒక్క పగలు నీరు అందకపోయినా కోడి ప్రాణానికి ముప్పు.

## 2. మొదటి గంటలో చేయవలసినవి

రక్తం కనిపిస్తే ఆలస్యం చేయకూడదు. ఎరుపు రంగు మిగతా కోళ్లను పొడవడానికి పురికొల్పుతుంది. అంతవరకు ఊరకున్న కోళ్లు కూడా వచ్చి పొడుస్తాయి. ఒకసారి మొదలైతే అది గంటలోపే పెట్టను చంపేంత వరకు పోవచ్చు.

పెట్టను వెంటాడి పట్టకండి. చీకటి పడ్డాక పట్టడం తేలిక. పగలైతే ఒక పాత తువ్వాలు మీద వేసి, రెక్కలు శరీరానికి ఆనించి రెండు చేతులతో ఎత్తుకోండి. కాళ్లు పట్టి తలకిందులుగా మోయడం మన వైపు అలవాటే గానీ, దెబ్బతిన్న కోడికి అది ఊపిరాడనివ్వదు.

తరువాత గాలి ఆడే అట్టపెట్టెలోగానీ, పెద్ద గంప కింద గానీ ఉంచి, నీడలో, సద్దులేని చోట పెట్టండి. అడుగున గోనెపట్టా, దానిమీద కాగితం పరిస్తే రెట్ట ఎలా ఉందో తెలుస్తుంది. కుక్క, పిల్లి, ఇంట్లో పిల్లలు దగ్గరికి పోకుండా చూడాలి. ఇంటిల్లిపాదీ గంప ఎత్తి చూసి పోవడం కూడా దానికి బెదురే.

నీరు దగ్గర పెట్టండి, నోట్లో పోయవద్దు. బలవంతంగా పోసిన నీరు ఊపిరితిత్తుల్లోకి పోయి కోడి చనిపోయే ప్రమాదం ఉంది. తాగలేకపోతే ముక్కు కొనను నీటిలో ఒకసారి తడిపితే చాలు, అదే మింగుతుంది.

## 3. గాయాన్ని శుభ్రం చేసే క్రమం

ముందుగా ఇవి సమకూర్చుకోండి.

☐ నార్మల్ సెలైన్ సీసా. లేదా మరిగించి చల్లార్చిన ఒక లీటరు నీటిలో 9 గ్రాముల ఉప్పు, అంటే సుమారు ఒకటిన్నర టీ చెంచాల ఉప్పు కలిపిన నీరు
☐ గాయంలో క్రిములను చంపే పావిడోన్ అయోడిన్ ద్రావణం
☐ శుభ్రమైన దూది, మెత్తని గుడ్డ, చేతి తొడుగులు
☐ చిన్న కత్తెర
☐ పశువుల మందుల దుకాణంలో దొరికే, ఈగలను కూడా దూరంగా ఉంచే గాయాల స్ప్రే

రక్తం కారుతుంటే మొదట దాన్ని ఆపాలి. శుభ్రమైన గుడ్డతో నాలుగైదు నిమిషాలు వదలకుండా అదిమి పట్టండి. మధ్యమధ్యలో తీసి చూస్తే గడ్డ కట్టిన రక్తం ఊడిపోతుంది. తలమీది ఎర్రజుట్టుకు, ముక్కు కింది తమ్మెలకు చిన్న గాటు పడినా రక్తం బాగా పోతుంది. చూడడానికి భయంగా ఉన్నా సాధారణంగా అది ఆగేదే. అలాంటి చిన్న గాటుమీద చిటికెడు కార్న్‌ఫ్లోర్ గానీ, శుభ్రమైన పసుపు గానీ అద్ది అదమవచ్చు.

రక్తం ఆగాక గాయం చుట్టూ అంటుకున్న ఈకలను కత్తెరతో కురచగా కత్తిరించండి, పీకవద్దు. కొత్తగా మొలిచే ఈకల కాడల్లో రక్తం ఉంటుంది కాబట్టి వాటిని కత్తిరించకూడదు. తరువాత ఉప్పునీటిని ధారగా పోస్తూ మట్టి, రెట్ట కడిగేయాలి. పావిడోన్ అయోడిన్‌ను నీటిలో పలుచని టీ రంగు వచ్చేవరకు కలిపి, ఆ నీటితో గాయాన్ని తుడవండి. సీసాలోని ద్రావణాన్ని నేరుగా లోతైన గాయంలో పోస్తే కొత్తగా పుట్టే కండ దెబ్బతింటుంది.

పసుపు గురించి ఒక మాట. గీరుకుపోయిన చర్మానికి, చిన్న గాటుకు పసుపు పనికివస్తుంది. లోతైన గాయంలో పసుపు, నూనె కలిపి కూరితే పైన పొర కట్టి, కింద చీము పట్టడం బయటికి తెలియదు. పశువుల పుండ్లకు వాడే టర్పెంటైన్, కిరోసిన్, బ్యాటరీ పొడి వంటివి కోడి చర్మానికి అసలు తగలకూడదు. నొప్పి తెలియకుండా చేసే తిమ్మిరి మందులున్న మనుషుల పూతమందులు పక్షులకు విషం కావచ్చు. మనుషుల నొప్పి మాత్రలు కూడా ఇవ్వవద్దు.

కంటికి దెబ్బ తగిలితే ఉప్పునీటితో కడగడం తప్ప ఇంకేమీ వేయకుండా పశువైద్యుని దగ్గరికి తీసుకుపోవాలి. రెట్ట వేసే ద్వారం దగ్గర పొడిచి ఉన్నా, లోపలి భాగం బయటికి వచ్చినా అంతే.

గాయాన్ని ఉదయం, సాయంత్రం రెండుసార్లు చూడండి. తిరుపతి వైపు వేడికి, ముఖ్యంగా వానలు పడి ఈగలు పెరిగిన రోజుల్లో, గాయానికి ఒక్క రోజులోనే పురుగు పట్టవచ్చు. ఈకల కింద తడిగా ఉండి దుర్వాసన వస్తుంటే ఈకలు తొలగించి చూడాలి. పురుగులు కనిపిస్తే ఉప్పునీటితో కడిగి, కనిపించినవాటిని తీసి, అదే రోజు వైద్యునికి చూపించండి.

యాంటీబయాటిక్ మందు దుకాణంవారి మాటమీద కొనకండి. వైద్యుడు రాసిస్తే ఎన్ని రోజులు ఇవ్వాలో, ఆ తరువాత ఎన్ని రోజులు గుడ్లు తినకూడదో రెండూ అడిగి రాసుకోండి.

## 4. మేత, నీరు, విశ్రాంతి

మొదటి రోజు తినకపోవడం సహజం. రెండో రోజు కూడా ముట్టకపోతే ఆలోచించవలసిందే.

తొలి ఒకటి రెండు రోజులు ఓఆర్‌ఎస్ పొడిని ప్యాకెట్టుమీద చెప్పిన కొలతలో కలిపి పెట్టవచ్చు. పక్కనే మామూలు నీరు కూడా ఉండాలి. కలిపిన నీరు ఎండకాలంలో త్వరగా పాడవుతుంది కాబట్టి పూటపూటకూ మార్చండి. అంతకంటే ఎక్కువ రోజులు ఆ నీరు అవసరం లేదు.

మేత విషయంలో పెట్టకు అలవాటైనదే ముందు పెట్టాలి. అమ్మినవారిని అడిగి, నూకలు తిన్నదా, రాగులు, సజ్జలు తిన్నదా, కొన్న దాణా తిన్నదా తెలుసుకోండి. కొత్త చోట, కొత్త మేత, ఒంటిమీద గాయం, మూడూ ఒకేసారి వస్తే మంచి మేత కూడా ముట్టదు.

తినడం మొదలుపెట్టాక మాంసకృత్తులు పెంచాలి. ఈకలో అధికభాగం మాంసకృత్తే. ఊడిన ఈకలు మొలవడానికి, చిరిగిన చర్మం పూడడానికి అదే కావాలి. 16 నుంచి 18 శాతం మాంసకృత్తులుండే లేయర్ దాణాకు, అంటే గుడ్లు పెట్టే కోళ్ల దాణాకు, రోజూ సగం ఉడికించిన గుడ్డును చిదిమి కలిపితే చాలు. ఉడికించిన ఉలవలు కొద్దిగా ఇవ్వవచ్చు. సంతలో దొరికే ఎండుచేప పెట్టాలనుకుంటే ఉప్పు పట్టనిదే చూసుకోవాలి, ఉప్పుచేప కోడికి హాని చేస్తుంది. ఊరగాయ కలిసిన ఎంగిలి అన్నం సంగతీ అంతే. రాగి సంకటి మిగిలితే కొంచెం వేయవచ్చు గానీ, దానితోనే కడుపు నింపకూడదు.

శనక్కాయలు పండే నేల కాబట్టి ఇది ప్రత్యేకంగా చెప్పాలి. వానకు తడిసి, బూజు పట్టిన శనక్కాయలు, శనగచెక్క కోళ్లకు వేయడం చాలా ఇళ్లలో ఉంది. ఆ బూజులో పుట్టే అఫ్లటాక్సిన్ విషం కోడి కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఆరోగ్యంగా ఉన్న కోడికే ప్రమాదకరమైనది, కోలుకుంటున్న పెట్టకు అసలు పనికిరాదు. మనం తినడానికి వెనుకాడే గింజ దానికీ వేయవద్దు.

రోజూ చూడవలసినవి:

☐ సాయంత్రం మేత సంచి నిండుగా, ఉదయానికి ఖాళీగా ఉందా
☐ రెట్ట గట్టిగా, పైన తెల్లని పొరతో ఉందా
☐ రొమ్ము ఎముక పదునుగా చేతికి తగులుతోందా, కండ నిండుతోందా
☐ తలమీది జుట్టు ఎర్రబడుతోందా, పాలిపోయే ఉందా
☐ వారానికొకసారి త్రాసులో బరువెంత

గుడ్లు ఆగిపోతాయి. రెండు మూడు వారాలు, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ కాలం పెట్టకపోవచ్చు. దానికోసం మందులు వాడవలసిన అవసరం లేదు.

ఈకల గురించి కూడా చాలామంది తొందరపడతారు. పూర్తిగా ఊడి వచ్చిన ఈక స్థానంలో కొత్తది కొన్ని వారాల్లో మొలుస్తుంది. సగానికి విరిగి మొదలు లోపలే ఉండిపోయిన ఈక మాత్రం, కోడి ఈకలు రాల్చే కాలం వచ్చేదాకా అలాగే ఉంటుంది. వీపు బోసిగా కనిపించినంత మాత్రాన పెట్ట కోలుకోలేదని అనుకోనక్కర లేదు.

## 5. గాయం కాక ఇంకేదైనా ఉందా?

కోళ్లు జబ్బుపడిన కోడిని కూడా పొడుస్తాయి. కాబట్టి పొడిపించుకున్నందువల్ల నీరసపడిందా, నీరసంగా ఉన్నందువల్ల పొడిపించుకుందా అని ఒకసారి చూడాలి.

కొత్త కోడిని తెచ్చిన రోజునుంచి కనీసం మూడు నాలుగు వారాలు పాత కోళ్లకు దూరంగా ఉంచడం నియమం. మీ విషయంలో అవి ఇప్పటికే కలిసిపోయాయి కాబట్టి, ఇప్పుడు దూరంగా తీసుకుపోయినా జరిగిన తాకిడిని వెనక్కి తీసుకోలేం. తెచ్చిన తేదీ రాసిపెట్టుకుని, అప్పటినుంచి నాలుగు వారాలు కొత్త పెట్టను, పాత గుంపును రెండింటినీ కనిపెట్టుకుని ఉండండి.

ఈ కింది వాటిలో ఏది కనిపించినా పెట్టను గుంపుకు బాగా దూరంగా మార్చి, అదే రోజు వైద్య సహాయం తీసుకోవాలి.

☐ నోరు తెరిచి కష్టంగా ఊపిరి తీయడం, గురక శబ్దం
☐ ఆకుపచ్చని నీళ్ల విరేచనం
☐ మెడ మెలితిరగడం, కాళ్లు, రెక్కలు పడిపోవడం
☐ ముఖం వాపు, కళ్లలో నురగ
☐ జుట్టుమీద, కళ్ల చుట్టూ బొబ్బలు, పొక్కులు
☐ గుంపులో ఒకదాని తరువాత ఒకటి చనిపోవడం

మొదటి మూడు గుర్తులు కొక్కెర తెగులులో కనిపిస్తాయి. పొక్కులు కోళ్ల మశూచికి గుర్తు. దీన్ని పొడుపు గాయమనుకుని పొరపడడం తరచు జరుగుతుంది. పొడుపు గాయం ఒకవైపు చిరిగినట్లుంటుంది, మశూచి పొక్కు గుండ్రంగా పైకి ఉబికి పెచ్చు కడుతుంది. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కళాశాలకు అనుబంధంగా పశువైద్యశాల ఉంది. గ్రామాల్లో ఉన్నవారు పశువైద్య కేంద్రానికి పోవచ్చు, లేదా సంచార పశువైద్య సేవకు 1962 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

రెక్కల కింద, రెట్ట ద్వారం చుట్టూ ఈకలు విడదీసి పేలు ఉన్నాయేమో కూడా చూడండి. పేలు పట్టిన కోడి గుంపులోకి పోతే అందరికీ అంటిస్తుంది. గాయం పెచ్చు కట్టాక పొడి మట్టిలో కాస్త కట్టెల బూడిద కలిపి పెడితే అదే పొర్లాడి కొంత శుభ్రం చేసుకుంటుంది. పచ్చి గాయం ఉండగా మాత్రం బూడిద వద్దు.

## 6. చూపుకు అందాలి, ముక్కుకు అందకూడదు

పెట్టను ఇంట్లో ఒక గదిలో పెట్టి, పూర్తిగా కోలుకున్నాకే బయటికి తేవడం మంచి మనసుతో చేసే పొరపాటు. పాత కోళ్లు దాన్ని మరిచిపోతాయి. రెండు వారాల తరువాత కనిపిస్తే మళ్లీ కొత్తదిగానే లెక్క. అందుచేత మొదటి ఒకటి రెండు రోజుల విశ్రాంతి తరువాత, గాయం తడి ఆరి తినడం మొదలుపెట్టగానే, గుంపు తిరిగే చోటే ఒక వల అడ్డం కట్టి దాని వెనుక ఉంచాలి.

వల కన్ను అర అంగుళానికి మించకూడదు. పెద్ద కన్నుల వల అయితే తల దూర్చి పొడుస్తాయి, ముంగిస కూడా దూరుతుంది. శేషాచలం కొండల అంచున ఉన్న ఊళ్లలో పాములు, కోతులు కూడా లెక్కలోకి వస్తాయి కాబట్టి పైకప్పు, తలుపు గడియ గట్టిగా ఉండాలి. వల కింది అడుగు భాగానికి ఒక చెక్కగానీ తడికగానీ కట్టి, పెట్ట కావాలనుకుంటే దాని చాటున కూర్చునే వీలు కల్పించండి. ఎప్పుడూ కనబడుతూ ఉండడం కూడా దానికి ఒత్తిడే.

ఒక్క పెట్టకు కొద్దిరోజులకు మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు చాలు. రెండు వారాలు ఉంచాలంటే దానికి రెట్టింపైనా ఉండాలి. అడుగున వరి ఊక గానీ, పొడిగా ఉన్న శనక్కాయ పొట్టు గానీ పరవండి. మధ్యాహ్నం రేకుల షెడ్డు కింద పెట్టవద్దు. వేపచెట్టు నీడ ఉంటే అంతకంటే మంచి చోటు లేదు. మిద్దెమీద అయితే పైన బోదగానీ కొబ్బరి మట్టలుగానీ కప్పి, ఎండ వేళ గోనెపట్టాలు తడిపి వేలాడదీయండి.

వలకు రెండు వైపులా, ఒక జానెడు దూరంలో, ఒకే సమయానికి మేత పెట్టడం ఈ దశలో ముఖ్యమైన పని. పక్కపక్కన తినడం అలవాటైతే కోపం తగ్గుతుంది. మొదట్లో పాత కోళ్లు మేత వదిలి వలమీదికి దూకుతాయి. అప్పుడు గిన్నెలను వలకు ఇంకాస్త దూరం జరిపి, రోజుకు కొంచెంగా దగ్గర చేయండి. రోజూ ఒక గంట గుంపును బయటికి తోలి, పెట్టను గుంపు తిరిగే చోట ఒంటరిగా తిరగనివ్వండి. ఏ మూలన దాక్కోవచ్చో, నీరెక్కడుందో దానికి ముందే తెలిసి ఉంటే, కలిపిన రోజున బెదిరి గోడకు కొట్టుకోదు.

ఇది కనీసం రెండు వారాలు సాగాలి. రోజుల లెక్కకంటే ప్రవర్తన ముఖ్యం. వల దగ్గరికి వచ్చి పాత కోళ్లు పెట్టను పట్టించుకోకుండా తింటున్నాయా, పెట్ట వలనుంచి వెనక్కి దూకకుండా నిలబడుతోందా అన్నదే చూడాలి.

## 7. అసలు తరిమేది ఎవరు?

మేత వేళ అరగంట దూరంగా కూర్చుని గమనించండి. గుంపంతా పొడుస్తోందని అనిపిస్తుంది గానీ, మొదలుపెట్టేది తరచుగా ఒకటో రెండో కోళ్లే. అదీ గుంపులో మొదటి స్థానంలో ఉన్న పెట్ట కాకపోవచ్చు. తన కింద ఇంకొకరు ఉంటే బాగుంటుందనుకునే నడిమి పెట్టలే ఎక్కువ పట్టుబట్టి తరుముతాయి.

ఆ కోడిని గుంపునుంచి తీసి, నాలుగు రోజులనుంచి వారం వరకు, మిగతావాటికి కనిపించని చోట వేరుగా ఉంచండి. మేత, నీరు, నీడ బాగా ఇవ్వాలి, ఇది శిక్ష కాదు. అది లేని రోజుల్లో గుంపు వరుస మారుతుంది. తిరిగి వచ్చేటప్పుడు అదే కొత్తది అవుతుంది, అందరినీ తరిమే తీరిక దానికి ఉండదు. బాధపడిన పెట్టను పదేపదే తీయడంకంటే తరిమేదాన్ని తీయడమే ఎక్కువ పని చేస్తుంది. నన్నడిగితే ఈ మొత్తం క్రమంలో ఈ ఒక్క అడుగు మాత్రం మానకూడదు.

జాతుల తేడా కూడా చూడండి. పందెం కోళ్ల జాతి అయిన అసీల్ రక్తం ఉన్న నాటుకోళ్ల మధ్య గ్రామప్రియ, వనరాజా వంటి నెమ్మది కోళ్లను ఒంటరిగా వదిలితే వాటికి ఎదురు నిలిచే శక్తి ఉండదు. పిల్లలతో ఉన్న తల్లికోడి ఎవరినీ దగ్గరికి రానివ్వదు, అది పిల్లల్ని వదిలేదాకా కలపడం వాయిదా వేయండి. పుంజు మాటిమాటికీ పైకెక్కి వీపు ఈకలు ఊడగొడుతుంటే, అది పెట్టలతో జరిగే తగవు కాదు కాబట్టి పుంజును వేరు చేయాలి. ఎనిమిది, పది పెట్టలకు ఒక్క పుంజు చాలు.

ముక్కు కొన కత్తిరించమని ఎవరైనా చెబుతారు. వద్దు. ఇంటి గుంపులో దాని అవసరం రాదు, నొప్పి మాత్రం మిగులుతుంది.

## 8. కలపడానికి ముందు గూడు మార్చండి

ఇరుకు గూడే సగం తగవులకు మూలం. లోపల ఒక్కో కోడికి మూడు నాలుగు చదరపు అడుగులు, బయట తిరగడానికి ఎనిమిది నుంచి పది చదరపు అడుగులు ఉండాలన్నది సాధారణంగా పాటించే లెక్క. రాత్రి కూర్చునే కర్రమీద ఒక్కోదానికి 20 నుంచి 25 సెంటీమీటర్లు కావాలి.

☐ మేత గిన్నెలు కనీసం మూడు, ఒకదాని దగ్గరినుంచి చూస్తే ఇంకొకటి కనబడకుండా
☐ నీటి తొట్లు కనీసం రెండు, ఎదురెదురు మూలల్లో
☐ చాటు: నిలబెట్టిన తడికలు, పాత మంచం, కొమ్మలు, వేలాడదీసిన గోనెపట్టాలు
☐ ఎక్కడానికి రెండు మూడు ఎత్తైన చోట్లు
☐ ఒకే దారి ఉన్న మూల ఒక్కటీ లేకుండా చూడడం

చివరిది అన్నింటికంటే ముఖ్యం. బోర్లించిన పెట్టె, పక్కకు పడేసిన తొట్టి వంటివి దాక్కోవడానికి బాగుంటాయనుకుంటాం. ఒకవైపే దారి ఉంటే పెట్ట అందులో దూరాక బయటికి రాలేదు, వెంట వచ్చినవి అక్కడే దాన్ని చంపుతాయి. ప్రతి చాటుకూ రెండు వైపులా దారి ఉండాలి.

కాలాన్ని కూడా చూసుకోండి. నడివేసవి వేడిలో కోళ్లు చిరాకుగా ఉంటాయి. అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల వానలకు అన్నీ గూట్లోనే ఇరుక్కుని ఉంటాయి. ఆ రోజులు వస్తే వల వెనుక ఇంకొన్నాళ్లు ఉంచడమే నయం.

## 9. మళ్లీ కలిపే క్రమం

పెట్ట సిద్ధంగా ఉందా అని ముందు చూడండి: పెచ్చులు రాలి గులాబీ రంగు చర్మం కనబడాలి, ఎక్కడా ఎరుపు ఉండకూడదు, బరువు తెచ్చిన రోజుకు సమానంగా ఉండాలి, జుట్టు ఎర్రబడాలి.

మొదట జత. గుంపులో అన్నింటికంటే నెమ్మదైన పెట్టను తెచ్చి వల వెనుక కొత్తదానితో కలిపి ఉంచండి. ఇద్దరికీ కొత్త చోటయ్యేలా కాస్త సామాను అటూ ఇటూ జరపండి. మూడు నాలుగు రోజులు కలిసి తిని, రాత్రి పక్కపక్కన కూర్చుంటే జత కుదిరినట్లే. ఒంటరిగా వెళ్లే పెట్టకు, తోడుతో వెళ్లే పెట్టకు చాలా తేడా ఉంటుంది.

తరువాత విడతలుగా. మరో రెండు పెట్టలను చేర్చండి. అవి సర్దుకున్నాక ఇంకో రెండు. తరిమే కోడి అన్నింటికంటే చివర రావాలి.

మొత్తం గుంపుతో మొదటిసారి గూట్లో కాదు, బయట విశాలమైన చోట, చీకటి పడడానికి సుమారు గంట ముందు కలపండి. ఆ వేళకు కోళ్ల మనసు మేతమీద, ఆపైన గూటిమీద ఉంటుంది. రాగులు, సజ్జలు ఒకేచోట పోయకుండా దూరదూరంగా చల్లండి. తోటకూర కట్టలు, మునగ రెమ్మలు నాలుగు చోట్ల వేలాడదీయండి. మొదటి రోజు ఇరవై నిమిషాలు చాలు. రోజూ కొంత పెంచుకుంటూ పోండి. ఆ సమయమంతా మీరు అక్కడే ఉండాలి, ఫోన్ చూస్తూ కాదు.

ఒకటి రెండు పొడుపులకు కలుగజేసుకోవద్దు. అర నిమిషం దాటి వదలకుండా తరిమినా, నేలకు అదిమి తలమీద పొడిచినా, రెండోది వచ్చి కలిసినా మధ్యలో ఒక చాట అడ్డం పెట్టి విడదీయండి. రక్తం వస్తే ఆ రోజుకు ఆపేసి, వల వెనుకకు పంపి, ఆరు ఏడు అంశాలకు మళ్లీ వెళ్లాలి.

రాత్రి గూటికి పంపడం చివరి అడుగు. పగలు రెండు మూడు గంటలు గొడవ లేకుండా ఉన్నాక, చీకట్లో జతపెట్ట పక్కనే కర్రమీద కూర్చోబెట్టండి. రాత్రివేళ కలపడం మంచిదని అందరూ చెబుతారు గానీ, తెల్లవారి సంగతి ఎవరూ చెప్పరు. చీకట్లో కోళ్లు పొడవవు, వెలుతురు రాగానే మూసిన గూట్లో మొదలవుతుంది. కాబట్టి తొలి వారం తెల్లవారకముందే లేచి తలుపు తీయాలి. అంత పొద్దున లేవలేనివారు రాత్రి కలపకపోవడమే మేలు.

## 10. తరచు జరిగే పొరపాట్లు, వాటి సవరణ

*కొత్త పెట్ట పారిపోకుండా కాలికి తాడు వేసి గుంజకు కట్టడం.* ఇల్లు మరుగుతుందని మన పల్లెల్లో చేస్తారు. గుంపు తిరిగే చోట కట్టేసిన కోడి తప్పుకోలేదు, తాడు పొడవు తెలిసిన కోళ్లు వచ్చి పొడిచి పోతాయి. ఇల్లు మరగాలంటే వల వెనుక ఉంచినా సరిపోతుంది.

*అన్నింటినీ ఒకే గంప కింద కమ్మడం.* అవే సర్దుకుంటాయని పెద్దవారు అంటారు. పిల్లలుగా ఉన్నప్పుడు ఇది నడుస్తుంది, ఎదిగిన పెట్టల విషయంలో నడవదు.

*బాధపడిన పెట్టను ఎత్తుకుని గుంపు ఎదుటే మేత తినిపించడం.* దీనివల్ల మేతకోసం మిగతావి దానిమీదికే వస్తాయి. ఎత్తుకోవడం, మందు వేయడం చాటున చేయండి.

*రోజుకొక మార్పు చేయడం.* ఇవాళ తోడు మార్చి, రేపు చోటు మార్చి, ఎల్లుండి మేత మార్చితే ఏది పనిచేసిందో తెలియదు. ఒక్క మార్పు చేసి మూడు రోజులు చూడండి.

## 11. అయినా కుదరకపోతే

రెండుసార్లు ఈ క్రమాన్ని పూర్తిగా పాటించినా రక్తం వస్తుంటే ఆ గుంపు దానికి తగినది కాదు. అప్పుడు రెండు దారులున్నాయి. జత కుదిరిన నెమ్మది పెట్టను, ఇంకో నెమ్మది పెట్టను కలిపి ముగ్గురితో వేరే చిన్న గుంపు చేయవచ్చు. చోటు లేకపోతే, తక్కువ కోళ్లున్న ఇంటికి దాని తోడుతో సహా ఇవ్వవచ్చు. ఇచ్చేటప్పుడు ఏ తేదీన ఏ మందు వాడారో కాగితంమీద రాసి ఇవ్వండి. కూరకు వేసేయమని సలహా ఇచ్చేవారు ప్రతి వీధిలోనూ ఉంటారు. మందు వాడిన కోడిని వైద్యుడు చెప్పిన గడువు తీరేదాకా తినకూడదని వారికీ చెప్పాలి.

కుదిరిన ఇళ్లలో అదనంగా పెట్టిన గిన్నెలు, తడికలు వెంటనే తీసేయవద్దు. పెట్ట మళ్లీ గుడ్డు పెట్టి, మిగతావాటితో కలిసి పొర్లాడేదాకా, అంటే సుమారు ఆరు వారాలవరకు, వాటిని అలాగే ఉంచి, ఆ తరువాత వారానికొకటి చొప్పున తగ్గించండి. వల అడ్డాన్ని మాత్రం మడిచి దాచిపెట్టండి. ఈసారి కోళ్లు కొనేటప్పుడు రెండింటిని తెచ్చి, మొదటి రోజునుంచే గుంపుకు దూరంగా ఉంచి, మూడు నాలుగు వారాలు గడిచాక ఆ వల వెనుకకు తీసుకురావాలి.